చిత్తడి గులాబి: అరుదవుతున్న దేశవాళీ పొద, దాని తోట సంతతి
చేవెళ్ల, మొయినాబాద్ పూలసాగుకు ఒక పరిశీలన

తెల్లవారకముందే హైదరాబాదులోని గుడిమల్కాపూర్ పూల మార్కెట్‌కు చేరే గులాబీ కట్టలలో చేవెళ్ల, మొయినాబాద్ మండలాల నుంచి వచ్చేవి ఎన్నో ఉంటాయి. తాజ్‌మహల్, అవలాంచ్, గోల్డ్ స్ట్రైక్, ట్రాపికల్ అమెజాన్ అంటూ రకాల పేర్లు ఎన్ని ఉన్నా, మార్కెట్‌లో వాటన్నిటికీ ఒకటే ఇంటిపేరు, ‘డచ్ గులాబీలు’. పొడవైన కాడ, బిగువైన మొగ్గ, వారం దాకా వాడని రేకులు వీటి గుణాలు. పెళ్లి పందిరికైనా, ఫిబ్రవరి 14 కైనా కొనేవారు అడిగేది వీటినే. అయితే ఈ రకాలను రూపొందించినవి చల్లని దేశాలలోని ప్రజనన సంస్థలు. మే నెలలో 40 డిగ్రీలు దాటే దక్కను పీఠభూమి ఎండను దృష్టిలో పెట్టుకొని తయారైనవి కావు.

మన దేశపు మైదానాలలోనే, ఎండలోను, వరద నీటిలోను సహజంగా పెరిగే గులాబి జాతి ఒకటి ఉన్నదన్న సంగతి గులాబి పండించే రైతులలోనే కాదు, వ్యవసాయ విద్యార్థులలోనూ చాలామందికి తెలియదు. దాని శాస్త్రీయ నామం రోసా క్లైనోఫిల్లా. అది పెరిగే చిత్తడి నేలలు తరిగిపోతున్నకొద్దీ ఆ పొద అరుదవుతున్నది. చేవెళ్ల రైతుకు నేటి వరకు దానితో పరిచయమే లేదు. అయినా రేపటి గులాబి తోటకు అది ఎందుకు కావలసి వస్తుందో, దానిని ఎలా నిలుపుకోవాలో పరిశీలించడం ఈ వ్యాస ఉద్దేశం.

పైకప్పు ఖర్చు ఎవరి కోసం?

నాణ్యమైన గులాబి పువ్వుకు పగలు 24 నుంచి 28 డిగ్రీలు, రాత్రి 15 నుంచి 18 డిగ్రీల ఉష్ణోగ్రత అనుకూలం. పగటి వేడి 35 డిగ్రీలు దాటితే కాడ పొట్టిదవుతుంది, మొగ్గ చిన్నదవుతుంది, రేకుల సంఖ్య తగ్గి రంగు వెలిసిపోతుంది. అదే వేడిలో ఎర్రనల్లి, తామర పురుగులు విజృంభిస్తాయి. వానాకాలంలో నల్లమచ్చ తెగులు, చలికాలంలో బూడిద తెగులు, కత్తిరింపుల తరవాత కొమ్మ ఎండు తెగులు వంతులవారీగా వస్తాయి.

వీటి నుంచి మొక్కను కాపాడేందుకే పాలీహౌస్ అవసరమైంది. తెలంగాణ ప్రభుత్వం 75 శాతం రాయితీతో పాలీహౌస్‌లను ప్రోత్సహించిన తరవాత హైదరాబాదుకు దగ్గరగా ఉన్న ఈ మండలాలలో గులాబి, జెర్బెరా, కార్నేషన్ సాగు విస్తరించింది. ఎకరానికి సుమారు 30 వేల గులాబి మొక్కలు నాటాలి. డ్రిప్పు, ఎరువుల ట్యాంకు, ఫాగర్లు, నీడవల, కొన్నేళ్లకొకసారి మార్చవలసిన పాలిథిన్ పట్టా తప్పవు. లైసెన్సు ఉన్న రకమైతే మొక్క ధరలోనే రాయల్టీ కలిసి వస్తుంది. పిచికారీల ఖర్చు వేరు. 2020లో లాక్‌డౌన్ వల్ల పెళ్లిళ్లు, ఉత్సవాలు ఆగిపోయినప్పుడు పువ్వును కోసి పారవేసిన రైతు కూడా ఈ ఖర్చులను మాత్రం ఆపలేకపోయాడు. కోయకపోతే మొక్క పాడవుతుంది, నీరు, మందు ఆపితే తోట పోతుంది.

ఈ ఖర్చులో అధిక భాగం మొక్క స్వభావానికీ మన వాతావరణానికీ మధ్య ఉన్న అంతరాన్ని పూడ్చడానికే పోతున్నది. ఆ అంతరాన్ని కప్పుతో, మందుతో పూడ్చడం ఒక మార్గం. మొక్క స్వభావాన్నే మార్చడం రెండో మార్గం. రెండోది నిదానమైన పని. కాని ఒకసారి సాధిస్తే ఆ ఫలితం ప్రతి పంటలోనూ రైతు చేతికి వస్తుంది.

ఈ ప్రాంతానికి మరొక ప్రత్యేకత ఉంది. ఇక్కడి వాననీరు మూసీ, ఈసీ నదుల ద్వారా ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ జలాశయాలకు చేరుతుంది. వాటి పరీవాహక రక్షణ కోసమే 1996లో 84 గ్రామాలకు వర్తించేలా 111వ నంబరు ప్రభుత్వ ఉత్తర్వు వెలువడింది. 2022లో ఆ ఆంక్షలను సడలించినా, నీరు పారే దిశ మారలేదు. తెగులును తట్టుకొనే మొక్క ఇక్కడ రైతు జేబుకే కాక, దిగువన ఉన్న చెరువుకు కూడా మేలు చేస్తుంది.

వాలిన ఆకుల పొద

‘క్లైనోఫిల్లా’ అంటే వాలిన ఆకులు గలది అని అర్థం. ఇది సతత హరితమైన పొద. సన్నని కొమ్మలు, ఆకు మొదట జంటగా ముళ్లు, ఒక్కొక్క ఆకులో 7 నుంచి 9 చిరు పత్రాలు, వాటి అడుగున నూగు ఉంటాయి. పువ్వు తెల్లనిది, 5 రేకులది, సువాసన గలది. పువ్వు అడుగున పుచ్ఛాలు దగ్గరగా పేరి చిన్న తొడుగులా కనిపిస్తాయి. నూగుతో కూడిన గుండ్రని కాయలు కాస్తాయి. చైనాకు చెందిన రోసా బ్రాక్టియేటా దీనికి దగ్గరి చుట్టం. వృక్షశాస్త్రజ్ఞులు ఈ రెండింటినీ ఒకే విభాగంలో చేర్చారు.

బిహారు, బెంగాలు, అస్సాం, బంగ్లాదేశ్, మయన్మార్‌లలోని నదీ తీరాలు, లంకలు, పల్లపు చిత్తడి నేలలు దీని నివాసం. రాజస్థాన్‌లోని ఆబూ కొండపై కూడా ఇది కనిపించింది. బంగ్లాదేశ్ ఈశాన్య భాగంలో ‘హావర్’ అని పిలిచే విశాలమైన పల్లపు సరస్సులలో ఇది వానాకాలమంతా నీట మునిగి ఉండి, నీరు తీశాక మళ్లీ చిగురించి పూస్తుంది. గులాబి వేరు వద్ద రెండు రోజులు నీరు నిలిస్తే కుళ్లు వస్తుందని భయపడే రైతుకు ఈ విషయం ఆశ్చర్యం కలిగిస్తుంది. హిమాలయాల నుంచి సైబీరియా వరకు, ఐరోపా నుంచి ఉత్తర అమెరికా వరకు విస్తరించిన సుమారు 150 గులాబి జాతులలో అత్యధికం చల్లని ప్రాంతాలవి. ఉష్ణమండలపు పల్లపు మైదానాన్ని ఇల్లుగా చేసుకొన్న జాతిగా దీని స్థానం విశిష్టమైనది.

అరుదు కావడానికి కారణాలను వెతకనక్కరలేదు. పల్లపు నేలలను పూడ్చి వరి పొలాలుగా, చేపల చెరువులుగా, ఇళ్ల స్థలాలుగా మార్చడం ఒకటి. కట్టలు వేసి వరద సహజ గమనాన్ని మార్చడం మరొకటి. ముళ్లపొద కనుక వంటచెరకుకో, కంచెకో నరకడం ఇంకొకటి. మందుమొక్కగానో, పంటమొక్కగానో గుర్తింపు లేనందున దాని కోసం అడిగేవారు లేరు.

పేరు ఒక జాతికి, ఊరు మరొక జాతికి

ఈ పొద చరిత్రలో తెలుగు నేలకు కూడా ఒక చిన్న భాగస్వామ్యం ఉంది. సామర్లకోటలో ఈస్టిండియా కంపెనీ తోటను పెంచి, కోరమాండల్ తీరపు మొక్కలను చిత్రాలతో సహా లోకానికి పరిచయం చేసిన విలియం రాక్స్‌బర్గ్ 1793లో కలకత్తా వృక్షశాస్త్ర ఉద్యానానికి అధిపతిగా వెళ్లారు. బెంగాలులోని ఈ పొదకు ఆయన ‘రోసా ఇన్వోల్యుక్రేటా’ అని పేరు పెట్టారు. పువ్వు అడుగున ఉన్న తొడుగును బట్టి పెట్టిన పేరది. కాని పూర్తి వర్ణనతో ఆ పేరు అచ్చుకాక ముందే, 1817లో క్లాడ్ ఆంటోయిన్ థోరీ ఫ్రాన్సులో రోసా క్లైనోఫిల్లా అనే పేరును ప్రచురించారు. ప్రసిద్ధ చిత్రకారుడు రెదుతే దాని బొమ్మ గీశారు. ప్రాథమ్య నియమం ప్రకారం థోరీ పెట్టిన పేరే నిలిచింది.

ఆ కాలంలోనే మరొక విచిత్రం జరిగింది. ఏడాది పొడవునా పూసే చైనా గులాబీలు ఓడలలో కలకత్తా మీదుగా ఐరోపాకు చేరాయి. అక్కడివారు వాటిని ‘బెంగాలు గులాబీలు’ అన్నారు. లిన్నేయస్ 1753లోనే చైనా గులాబికి ‘ఇండికా’ అని పేరు పెట్టి ఉన్నారు. ఈనాటికీ మన నర్సరీలలో అంటు కట్టే రూట్‌స్టాక్‌లలో ఒకదానిని ‘రోసా ఇండికా’ అనే వ్యవహరిస్తారు. పుట్టుక చైనాది, పేరు భారతదేశానిది. నిజమైన బెంగాలు గులాబికి మాత్రం తన ఊరిలోనే గుర్తింపు లేకపోయింది.

భారతదేశపు మరో అడవి గులాబి విషయం ఇందుకు భిన్నం. మణిపూర్, మయన్మార్, యునాన్ కొండలలో పెరిగే రోసా జైగాంటియా పెద్ద పువ్వులు పూసే ఎగబాకు పొద. అది చైనా గులాబితో కలిసి ‘టీ’ గులాబీలకు జన్మనిచ్చింది. వాటి నుంచి 1867లో వచ్చిన ‘లా ఫ్రాన్స్’తో హైబ్రిడ్ టీ గులాబీల యుగం మొదలైనదని చెబుతారు. అంటే మొయినాబాద్ పాలీహౌస్‌లోని పొడవాటి మొగ్గలో మణిపూర్ కొండల రక్తం కొంత ఉంది. గంగా మైదానపు రక్తం మాత్రం ఇంకా చేరలేదు.

తోటల్లోకి వచ్చిన సంతతి

రోసా క్లైనోఫిల్లాను సంకరానికి వాడే ప్రయత్నం కొత్తది కాదు. ప్యారిస్‌లోని లక్సెంబర్గ్ తోటలో 1836 ప్రాంతంలో హార్డీ అనే ఉద్యానవేత్త పెంచిన ‘హార్డీ’ రకానికి ఒక జనకం ఇదేనని, రెండోది మధ్య ఆసియా ఎడారుల రోసా పెర్సికా అని ప్రసిద్ధి. పసుపు రేకులకు మొదట ఎర్రని మచ్చ గల ఆ పువ్వు అందమైనదే. కాని మొక్క సుకుమారమైనది, సంతతికి పనికిరానిది. దాంతో ఆ దారి అక్కడే ఆగిపోయింది. దీని చుట్టమైన రోసా బ్రాక్టియేటా నుంచి 1918లో ఇంగ్లండులో ‘మెర్మెయిడ్’ వెలువడింది. ఆరోగ్యమైన నిగనిగలాడే ఆకులకు అది నేటికీ పేరుపొందినా, అందులోనూ వంధ్యత్వం అడ్డుపడింది.

మన దేశంలో గులాబి ప్రజననానికి శాస్త్రీయ పునాది వేసినవారిలో డాక్టర్ బి.పి. పాల్ ముఖ్యులు. భారత వ్యవసాయ పరిశోధన మండలి తొలి డైరెక్టర్ జనరల్ అయిన ఆయన గోధుమ ప్రజననంలో ఎంత కృషి చేశారో గులాబిలోనూ అంత ఆసక్తి చూపారు. ఢిల్లీలోని ఐ.ఎ.ఆర్.ఐ., బెంగళూరులోని ఐ.ఐ.హెచ్.ఆర్. సంస్థల నుంచి రక్తగంధ, మృణాళిని, పూసా అరుణ్, అర్క సావి వంటి రకాలు వచ్చాయి.

అడవి జాతులను, అందులోనూ రోసా క్లైనోఫిల్లాను పట్టుదలతో వాడినవారు ఎం.ఎస్. వీరరాఘవన్. ఆంధ్రప్రదేశ్ కేడర్ ఐ.ఎ.ఎస్. అధికారిగా ఉన్నప్పుడే గులాబి సంకరాలు మొదలుపెట్టిన ఆయన, 1980లో స్వచ్ఛంద విరమణ చేసి భార్య గిరిజతో కలిసి కొడైకెనాల్‌లో స్థిరపడి, జీవితాన్ని ఈ పనికే అంకితం చేశారు. వెచ్చని దేశాలకు తగిన గులాబీలు వెచ్చని దేశాల అడవి జాతుల నుంచే రావాలన్నది ఆయన సిద్ధాంతం. అందుకు రోసా జైగాంటియా, రోసా క్లైనోఫిల్లా అనే రెండు భారతీయ జాతులను పునాదిగా ఎంచుకొన్నారు. మొదటి దాని నుంచి ‘మణిపూర్ మ్యాజిక్’, ‘సర్ జార్జ్ వాట్’, సరోజినీ నాయుడు హైదరాబాదు ఇంటిని గుర్తుచేసే ‘గోల్డెన్ త్రెషోల్డ్’ వంటివి, రెండో దాని వంశం నుంచి ‘గాంజెస్ మిస్ట్’ వంటివి రూపొందాయి. ఇవి ఎక్కువగా తోటలో పెంచుకొనే పొదలు, తీగలే గాని మార్కెట్‌కు కోసే పొడవు కాడల రకాలు కావు. అయినా ఒక విషయాన్ని ఇవి నిరూపించాయి. క్లైనోఫిల్లా గుణాలను తోట గులాబిలోకి తేవడం కష్టం కావచ్చు, అసాధ్యం మాత్రం కాదు.

సంకరంలో ఎదురయ్యే చిక్కులు

మొదటి చిక్కు క్రోమోజోముల సంఖ్య. రోసా క్లైనోఫిల్లాలో 14 క్రోమోజోములు, హైబ్రిడ్ టీ రకాలలో 28 ఉంటాయి. రెండింటినీ నేరుగా కలిపితే పుట్టే మొక్కలో 21 ఉంటాయి. బేసి జతల వల్ల అటువంటి మొక్క సాధారణంగా విత్తనం కట్టదు. దీనిని దాటడానికి రెండు మార్గాలు ఉన్నాయి. 14 క్రోమోజోములే ఉన్న పాత చైనా గులాబీలతోనో, చిన్న పువ్వుల గుత్తి గులాబీలతోనో ముందుగా సంకరపరచి, ఆ సంతతి నుంచి మెట్టు మెట్టుగా ముందుకు వెళ్లడం ఒకటి. కొల్చిసిన్ వంటి రసాయనంతో అడవి మొక్క క్రోమోజోములను రెట్టింపు చేసి, ఆ తరవాత తోట రకంతో కలపడం రెండోది.

రెండో చిక్కు నిరంతర పూత. అడవి గులాబీలలో అత్యధికం ఏడాదికి ఒక రుతువులోనే పూస్తాయి. తోట గులాబీలలోని నిరంతర పూత చైనా గులాబి నుంచి వచ్చిన అంతర్గత లక్షణం. ఒకే రుతువులో పూసే అడవి జాతితో కలిపినప్పుడు మొదటి తరంలో అది మరుగున పడుతుంది, తరవాతి తరాలలోనే బయటపడుతుంది. కనుక మొదటి తరం మొక్కలు సరిగా పూయలేదని పీకి పారవేస్తే శ్రమంతా వృథా. 2018లో ‘ఓల్డ్ బ్లష్’ అనే పాత చైనా గులాబి జన్యుపటం పూర్తిగా వెలువడింది. దాని సహాయంతో నారు దశలోనే జన్యు గుర్తుల ద్వారా నిరంతర పూత గల మొలకలను ఏరుకొనే అవకాశం ఏర్పడింది. ఒకప్పుడు జీవితకాలం పట్టిన పని ఇప్పుడు ఒక పరిశోధన పథకం వ్యవధిలోకి రాగలదు.

మూడో చిక్కు తక్కువగా గుర్తించబడుతున్నది. 14 క్రోమోజోములు గల గులాబి జాతులు సాధారణంగా తమ పుప్పొడితో తాము ఫలదీకరణ చెందవు. ఒకే మొక్క నుంచి వంద కొమ్మలు తెచ్చి నాటినా అది జన్యుపరంగా ఒకే మొక్క. వంద పొదలు పూసినా కాయ కట్టకపోవచ్చు. సంరక్షణ పేరుతో ఒక్క అంటును తెచ్చి తోటలో పెట్టి తృప్తి పడటం ఇందుకే చాలదు. వేరువేరు తావుల నుంచి, వేరువేరు పొదల నుంచి సేకరించినప్పుడే జాతిని కాపాడినట్లవుతుంది.

చేవెళ్ల, మొయినాబాద్‌లలో చేయదగినవి

ఈ ప్రాంతానికి అనుకూలతలు ఉన్నాయి. పూలసాగులో చేయి తిరిగిన రైతులు ఉన్నారు. ఎర్ర చల్కలు, నల్లరేగళ్లు రెండూ పక్కపక్కనే ఉన్నాయి. రాజేంద్రనగర్‌లోని వ్యవసాయ విశ్వవిద్యాలయం, పూల పరిశోధన స్థానం, జాతీయ మొక్కల జన్యు వనరుల సంస్థ ప్రాంతీయ కేంద్రం మొయినాబాద్‌కు కూతవేటు దూరంలోనే ఉన్నాయి. కావలసినది వీటిని ఒక పనికి కలపడం. అందుకు ఈ క్రింది క్రమం ఆచరణయోగ్యం.

సేకరణ: జీవవైవిధ్య చట్టం, 2002 నిబంధనలకు లోబడి, సంబంధిత రాష్ట్రాల జీవవైవిధ్య మండళ్ల సమ్మతితో బిహారు, బెంగాలు, అస్సాంలలోని వేరువేరు తావుల నుంచి కొమ్మలు, విత్తనాలు సేకరించాలి. ప్రతి నమూనాకు తావు, నేల స్వభావం, నీరు నిలిచే కాలం నమోదు చేయాలి. పొదను వేళ్లతో పెకలించి తేకూడదు. ఒక్కొక్క పొద నుంచి కొన్ని కొమ్మలే తీసుకోవాలి.

నిలుపుదల: సేకరించిన మొక్కలను ఒకేచోట కాక కనీసం రెండు, మూడు క్షేత్రాలలో పెంచాలి. ఒక చోట తెగులో, నీటి ఎద్దడో వచ్చినా మరొక చోట మిగులుతాయి. ఇది ముళ్లపొద కనుక పరిశోధన క్షేత్రం సరిహద్దులో, నీటికుంటల గట్ల వెంట కంచెగా పెంచితే అదనపు స్థలం కూడా అవసరం లేదు.

రూట్‌స్టాక్ పరీక్ష: కొత్త రకం రావడానికి ముందే రైతుకు ఉపయోగపడే అవకాశం ఇక్కడ ఉంది. చేవెళ్ల నల్లరేగడి భూములలో ఆరుబయట గులాబి వేసిన రైతుకు వానాకాలంలో నీరు నిలవడం పెద్ద సమస్య. నీట మునిగినా బతికే ఈ జాతిని రూట్‌స్టాక్‌గా వాడితే ఫలితం ఎలా ఉంటుందో పరీక్షించాలి. రోసా ఇండికా, మల్టీఫ్లోరా, నాటల్ బ్రయర్‌లతో పక్కపక్కన నాటి, కన్ను అంటు పట్టే శాతం, నీరు నిలిచిన తరవాత బతికిన మొక్కలు, అడుగు పిలకల సంఖ్య, పూల దిగుబడి కనీసం 3 ఏళ్లు నమోదు చేయాలి. ఫలితం తేలక ముందే నర్సరీలు దీనిని కొత్త రూట్‌స్టాక్‌గా ప్రచారం చేయడం తగదు.

సంకరం, ఎంపిక: సంతతి మొలకల ఎంపిక కొడైకెనాల్ వంటి చల్లని చోట కాక, ఈ మండలాలలోనే ఆరుబయట, మందుల పిచికారీ లేకుండా జరగాలి. ఏప్రిల్, మే ఎండలో ఆకు నిలుపుకొన్నది, ఆగస్టు వానలో నల్లమచ్చకు లొంగనిది ఏదో ఆ పొలమే చెబుతుంది. పాలీహౌస్‌లో ఎంపిక చేసిన మొక్క పాలీహౌస్‌నే కోరుతుంది.

రైతు భాగస్వామ్యం: మొలకల పరీక్షకు స్థలం, శ్రమ ఇచ్చిన రైతులకు ఫలితంలో వాటా ఉండాలి. మొక్కల రకాల సంరక్షణ, రైతుల హక్కుల చట్టం, 2001 ప్రజననకర్తతో పాటు రైతు హక్కును కూడా గుర్తించింది. మొదటి రోజే ఒప్పందం రాసుకొంటే తరవాత వివాదం ఉండదు.

ఆశించవలసినదెంత?

ఈ కృషి ఫలించినా, కోసే గులాబీలలో డచ్ రకాలను వెంటనే తొలగిస్తుందని భావించడం పొరపాటు. పొడవు కాడ, బిగి మొగ్గ, నిల్వ గుణం కలగలిసిన రకం రావడానికి అనేక తరాలు పడుతుంది. ముందుగా రాగలిగినవి విడిపూల రకాలు, తోటలకు, రోడ్ల పక్కకు తగిన పొదలు. అవి చిన్న విషయాలు కావు. దండలకు, పూజకు విడిపూలు అమ్మే చిన్న రైతుకు పాలీహౌస్ పెట్టుబడి అందుబాటులో లేదు. ఆరుబయట, తక్కువ పిచికారీలతో వేసవిలోనూ పూసే గులాబి మొదట మేలు చేసేది అతనికే. ఇటీవల పొలాల స్థానంలో వెలసిన ఫామ్‌హౌస్ తోటలు కూడా ఇటువంటి పొదలకు మంచి గిరాకీ కాగలవు.

అయితే వీటన్నిటికీ ముందు షరతు ఒకటి ఉంది. ప్రజననకర్త ఎంత నేర్పరి అయినా లేని జన్యువును సృష్టించలేడు, ఉన్నదానిని కలపగలడు, ఏరగలడు. వరి, జొన్న, కంది పంటలలో నాటు రకాలను జన్యు నిధులలో భద్రపరచవలసిన అవసరాన్ని దేశం గుర్తించింది. పూల పంటలలో ఆ స్పృహ ఇంకా రాలేదు. పువ్వును అలంకారంగా మాత్రమే చూడటం ఇందుకు కారణం కావచ్చు. గులాబిపై బ్యాంకు అప్పు తెచ్చిన చేవెళ్ల రైతుకు అది అలంకారం కాదు, జీవనాధారం. పంట ఏదైనా దాని అడవి చుట్టాలను కాపాడుకోవడం ఆ పంటకు బీమా చేయించడం వంటిది.

కొన్ని డజన్ల పొదలను సేకరించి, రెండు మూడు క్షేత్రాలలో కంచె వెంట పెంచడానికి అయ్యే ఖర్చు ఒక ఎకరం పాలీహౌస్‌కు ఇచ్చే రాయితీ కంటే ఎంతో తక్కువ. రాజేంద్రనగర్ క్షేత్రం గట్టు మీద ఈ తెల్లని 5 రేకుల పువ్వు పూస్తే మార్కెట్‌లో దానికి ధర పలకదు. కాని వేసవిలోనూ నిలిచే గులాబి కోసం వచ్చే తరం పరిశోధకుడు వెతికే నాటికి ఆ పొద అక్కడ ఉండాలి. చిత్తడి నేలలు మిగిలి ఉన్నప్పుడే ఆ సేకరణ జరగడం అవసరం.